బుడమేరు నీళ్ళలో తొమ్మిది రోజులు: ఒక కరణం గారి ట్రంకు పెట్టె

2024 సెప్టెంబరు 10, మంగళవారం. పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. బెజవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఒక డాబా, డాబా మీద బట్టల తీగ, ఆ తీగకి క్లిప్పులు పెట్టి ఆరేసిన కాగితాలు. పక్కన మూత తెరిచిన ఇనప ట్రంకు పెట్టె. కింద ఒక్క ముక్క: "అమ్మాయ్, ఇవి బతుకుతాయా?"

పంపింది మా ఇంటికి పాత పరిచయస్తులైన ఒక మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన తాతగారూ నాన్నగారూ గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో, అంటే అక్కడి కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ విభాగంలో, ఒక ఊరికి కరణాలు. ఊరి భూముల, శిస్తుల లెక్కలు రాసేవాళ్ళు. నేను పాత కాగితాలు బాగుచేసే పనిలో ఉన్నానని ఆయనకి తెలుసు. ఎప్పుడు కనిపించినా "మా పెట్టె ఒకసారి చూద్దువు గాని రా" అనేవారు. ఎప్పుడూ వెళ్ళలేదు.

వెంటనే ఫోన్ చేశాను.

"పెట్టె ఎప్పుడు తెరిచారు మాస్టారూ?"

"ఇందాకే. గంటయిందేమో."

"తీగ మీదవి అలాగే ఉంచండి. మిగతావి ముట్టుకోవద్దు. పెట్టెలో నీళ్ళుంటే పారబోయకండి, మూత వేసెయ్యండి."

అవతల కాసేపు మాట లేదు. తొమ్మిది రోజులు నానినవాటిని ఇంకా నాననివ్వమంటే ఎవరికైనా పిచ్చిమాటలాగే ఉంటుంది. కానీ పూర్తిగా మునిగి ఉన్న కాగితానికి బూజు అంత తేలిగ్గా పట్టదు, గాలి ఆడదు కాబట్టి. బయటికి తీసి గాలి తగిలాక మొదలవుతుంది అసలు ప్రమాదం. సెప్టెంబరులో బెజవాడ ఉక్కపోతకి రెండు రోజులు చాలు, మూడో రోజుకి పచ్చటి బొచ్చు లేస్తుంది. గడియారం వరద వచ్చిన రోజు నుంచి కాదు, మూత తీసిన క్షణం నుంచి తిరుగుతుంది. మాకు ఇంకా నలభై ఏడు గంటలున్నాయి.

పెట్టె అక్కడికి ఎలా చేరిందో

ఆ వరద గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆగస్టు 31న మొదలైన వాన, సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు గట్లు తెగి ఊరి మీదికి రావడం, ఆ మర్నాడు ప్రకాశం బరాజ్ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోవడం. గండ్లు పూడ్చేసరికి వినాయక చవితి వచ్చింది. మాస్టారి ఇంట్లో కింది వాటాలో గుండెల లోతు నీళ్ళు. ఆయనా, ఆయన భార్య పిన్నిగారూ, మనవడూ పై వాటా అద్దెవాళ్ళింట్లో తలదాచుకున్నారు. పెట్టె మంచం కింద ఉండిపోయింది. అంతకుముందు అది అటక మీదే ఉండేదట. వేసవిలో చెదలు కనపడ్డాయని పిన్నిగారే కిందికి దింపించారు. ఆ మాట ఆవిడ నాతో ఓ పదిసార్లు చెప్పి ఉంటారు.

1984లో ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసినప్పుడు మాస్టారి నాన్నగారు నడుస్తున్న లెక్కలన్నీ అప్పగించారు. అంతకు ముందరి తరానివి ఎవరూ అడగలేదు, ఈయనా ఇవ్వలేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. అడంగళ్ళు (పొలాల, పంటల లెక్కలు), చిట్టాలు (వసూళ్ళ లెక్కలు), రసీదు కట్టలు గాదెల్లో, అటకల మీద, మంచాల కింద. మన ఊళ్ళ చరిత్రకి ఒక ముఖ్య ఆధారం కరణం గారి కవిలె కట్టే, అంటే పాత లెక్కల కట్టే. రెండు వందల ఏళ్ళ క్రితం కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరూ తిరిగి సేకరించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, చాలావరకు ఈ కరణాల దండకవిలెల నుంచి రాసుకున్నవే. మెకంజీ 1821లో పోయాడు. ఆయనకి కవిలెలు చూపించిన కరణాల వారసుల్లో ఎందరి ఇళ్ళల్లో ఇంకా పెట్టెలున్నాయో ఆ ఊళ్ళవాళ్ళకే తెలియాలి.

మొదటి సాయంత్రం

నేను చేరేసరికి నాలుగైంది. వీధిలో బురద ఇంకా పిక్కల దాకా ఉంది, కరెంటు లేదు. వరద నీళ్ళంటే మురుగు నీళ్ళే. చేతులకి గ్లవ్స్, మొహానికి ఎన్-95 మాస్కు లేకుండా ఇలాంటి పెట్టెలో చెయ్యి పెట్టకూడదు. మాస్టారి మనవడు ఇంజనీరింగ్ కుర్రాడు, బాగా చురుకు. నేను వచ్చేలోపే రెండు రసీదులకి ఇస్త్రీ పెట్టె వేశాడు. ఇస్త్రీ పెట్టె అడుగున ఊదారంగు మరక మిగిలింది, రసీదు మీద అక్షరం మిగల్లేదు. పాపం వాడు ఏడుపు మొహం పెట్టాడు. "నువ్వే కాదురా, నేను కూడా నేర్చుకోకముందు అదే చేసేదాన్ని" అన్నాను. అబద్ధం కాదు.

పెట్టెలో ఉన్నవి: గుడ్డ అట్టల రిజిస్టర్లు అయిదు, తాటాకుల కట్ట ఒకటి, ఫ్రేము కట్టిన గ్రూపు ఫొటో, ఇనప కొలత గొలుసు, ఇత్తడి సిరాబుడ్డి. ఒక రిజిస్టరు మాత్రం అప్పటికే బయటికి తీసి పిట్టగోడ మీద పెట్టారు. దాని లోంచి చీటీలు, రసీదులు నాలుకల్లా బయటికి వేలాడుతున్నాయి. కరణాల అలవాటు అది. శిస్తు రసీదు నకలో, రైతు పంపిన కబురో, తాలూకా నుంచి వచ్చిన తాకీదో, ఏది ఏ పద్దుకి సంబంధించినదైతే ఆ పేజీలో దోపి గుండుసూది గుచ్చుతారు.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. ఇది రాయకపోతే మిగతాదంతా రాయడం అనవసరం.

చీకటి పడుతోంది. సెల్‌ఫోన్ టార్చి వెలుగులో పని. రిజిస్టరు పేజీలు పిండిలా మెత్తబడి ఉన్నాయి, చీటీలు అందులోనే ఉంటే పేజీలకి అంటుకుపోతాయని భయం. ఒక్కొక్కటీ పట్టకారుతో తీసి ట్రేలో పరిచిన పాలిథీన్ మీద పెట్టడం మొదలుపెట్టాను. ప్రతిదానికీ ముందు ఫొటో, పెన్సిలుతో నెంబరు, పేజీ సంఖ్య. నలభై ఒక్కటి అలాగే చేశాను. ఆ తర్వాత ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చింది, టార్చి కోసం దాచుకుందామని ఫొటోలు మానేశాను. తడి పేజీ సంఖ్యలు కనపడలేదు, "తర్వాత చూసుకుందాం" అనుకున్నాను. పదకొండు చీటీలు అలా తీశాను. తర్వాత చూసుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏది ఏ పేజీలో ఉందో పోయింది.

చీటీ పోలేదు కదా అనిపిస్తుంది. కానీ "బాకీ రు. 11-4-0 పంటయ్యాక" (పదకొండు రూపాయల నాలుగణాలు) అని రాసిన చీటీ ఏ సంవత్సరం లెక్కలో, ఎవరి పద్దు పక్కన ఉందో తెలియకపోతే అది ఉట్టి కాగితం. మా పక్కనే అమరావతిలో జరిగింది పెద్ద ఎత్తున ఇదే. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బ తవ్వించి చెక్కడపు పలకలు మద్రాసు చేర్చాడు, 1859లో వాటిలో చాలా లండన్‌కి పోయాయి. ఏ రాయి ఏ చోట నిలబడి ఉండేదో సరైన లెక్క మిగల్లేదు. మిగిలిన రాళ్ళు మ్యూజియాల్లో ఉన్నాయి, స్తూపం ఎలా ఉండేదో మాత్రం పండితులు ఇప్పటికీ ఊహించి గీస్తున్నారు. ఈ సంగతి నేనే పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. చెప్పి చెప్పి అదే పని చేశాను.

చల్లటి చోటు

తడి రిజిస్టర్లు అయిదింటినీ ఒకేసారి ఆరబెట్టడం ఒక్క మనిషి వల్ల కాదు. అలాంటప్పుడు గడ్డకట్టించి ఆపెయ్యడం మంచిది. మైనస్ 18 డిగ్రీల దగ్గర బూజు చావదు గానీ పడుకుంటుంది. ఆ తర్వాత తీరిగ్గా ఒక్కోదాన్ని తీసి పని చేసుకోవచ్చు.

మన వైపు చల్లటి గిడ్డంగి అనగానే అందరికీ గుర్తొచ్చేది గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ. మాస్టారి బంధువు ఒకాయనకి అలాంటిది ఉంది, "ఎన్ని టిక్కీలైనా (మిర్చి బస్తాలు) పెట్టుకోమ్మా" అన్నారు. వద్దన్నాను. మిర్చి గిడ్డంగి సున్నాకి పైనే ఉంటుంది, పది డిగ్రీల లోపు. అక్కడ బూజు నెమ్మదిస్తుంది, ఆగదు. పైగా ఆ ఘాటు! చివరికి ఆటోనగర్‌లో ఐస్‌క్రీమ్ డీలరు ఒకాయన తన డీప్ ఫ్రీజర్లో ఒక అర ఖాళీ చేసి ఇచ్చారు. రిజిస్టర్లని తెరవకుండా మూసినట్టే పట్టుకుని శుభ్రమైన నీళ్ళలో అంచుల బురద కడిగి, బటర్ పేపరు చుట్టి, వీపు కిందికి వచ్చేలా పాల ట్రేలలో నిలబెట్టి పంపాం. ఏడు వారాలు అక్కడ ఉన్నాయి, కోన్ ఐస్‌క్రీముల పక్కన.

ఫ్రీజర్లో పెట్టకూడనివి మూడు: తాటాకులు, గొలుసు, ఫొటో. ఫొటో సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ ఓడిపోయాను. అది ఫ్రేములో అద్దానికి అంటుకుంది. తడిగా ఉండగానే నీళ్ళలో ఉంచితే ఊడి వచ్చే అవకాశం ఉండేది. నేను వచ్చేసరికి ఎండలో గోడకి ఆనించి ఉంది, బొమ్మ పొర అద్దం మీదే ఎండిపోయింది. లాగితే మొహాలు అద్దానికి పోతాయి, కాగితం నా చేతికొస్తుంది. అద్దంతోనే ఉంచి, అద్దం మీంచే స్కాన్ చేశాం. అంతే.

గొలుసుతో మాత్రం సరదా అయింది. అరవై ఆరు అడుగులు, వంద లింకులు, మధ్యమధ్య ఇత్తడి బిళ్ళలు. బ్రష్షుతో తుప్పు దులిపి, ఆరబెట్టి, టానిక్ యాసిడ్ పూసి, మైనం పట్టించాను. మాస్టారు దాన్ని వరండాలో సాగదీసి మనవడికి పాఠం మొదలుపెట్టారు: "పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఎకరానికి వంద సెంట్లు. సెంటుకి ఎన్ని చదరపు లింకులు? చెప్పు!" వాడు కాల్క్యులేటరు తీశాడు. వెయ్యి, అని పిన్నిగారు వంటింట్లోంచి అన్నారు.

తాటాకులు యాభై ఎనిమిది. నీళ్ళకి అక్షరాల్లో నింపిన మసి చాలాచోట్ల కొట్టుకుపోయింది, గంటంతో గీసిన గీత మాత్రం ఉంది. మెత్తటి బ్రష్షుతో బురద తీసి, నీళ్ళూ ఆల్కహాలూ కలిపి తుడిచి, అద్దుడు కాగితాల మధ్య తేలికపాటి బరువు కింద ఆరబెట్టాను. తర్వాత నిమ్మగడ్డి నూనె. పాతకాలంలో అయితే దీపం మసీ ఆకుపసరూ కలిపి మళ్ళీ రుద్దేవాళ్ళు. మాస్టారు అదే చెయ్యమన్నారు. నేను చెయ్యలేదు. పక్క నుంచి ఏటవాలుగా దీపం వేసి ఫొటో తీస్తే నీడలో అక్షరాలు చక్కగా లేచాయి. రుద్దడం ఎప్పుడైనా చెయ్యొచ్చు, రుద్దినది తియ్యడం కష్టం. అది కషాయాల గ్రంథంలా ఉంది, పలాలూ తులాలూ కనిపిస్తున్నాయి. తాటాకు చదవడం వచ్చిన పండితుడికి ఫొటోలు పంపాం.

ఊదారంగు

నవంబరు మొదట్లో మొదటి రిజిస్టరు ఫ్రీజరు నుంచి తీశాం. అద్దుడు కాగితం అంత మొత్తంలో కొనలేం. బెజవాడలో ప్రెస్సుల వాళ్ళ పుణ్యాన న్యూస్‌ప్రింట్ రీళ్ళ చివర మిగిలే తెల్ల కాగితం దొరుకుతుంది, దాన్నే ముక్కలు కోసి పేజీల మధ్య పెట్టి, గంటకోసారి మార్చడం. గదిలో ఏసీ, గాలి నేరుగా తగలకుండా ఫ్యాను. ఎండ అసలు వద్దు. తీగ మీద ఎండలో ఆరినవి ఎలా ఉన్నాయంటే, వేయించిన అప్పడాల్లా.

బ్లూ బ్లాక్ సిరా బాగానే నిలబడింది. ఆ సిరాలో నీలం రంగు నీళ్ళకి పోయినా ఇనుము ఉన్న భాగం కాగితాన్ని పట్టుకుని ఉంటుంది. చచ్చింది కాపీయింగ్ పెన్సిల్. పాత రోజుల్లో ఆఫీసు వాళ్ళకి అదంటే ఇష్టం, రబ్బరుతో చెరపలేరని. పొడిగా ఉన్నంతసేపు మామూలు పెన్సిల్లా బూడిద రంగు, తడి తగిలితే కళ్ళు చెదిరే ఊదా. అందులో గ్రాఫైటుతో పాటు నీళ్ళలో కరిగే రంగు కలుపుతారు. తొమ్మిది రోజుల నీళ్ళలో ఆ రంగు పేజీలు పేజీలే తడిపేసింది. చీటీల్లో సగం ఊదా ముద్దలు.

మనవడికి ఇస్త్రీ పెట్టె పాపం వదిలింది ఇక్కడే. కాలేజీలో ఫొటోగ్రఫీ క్లబ్బు నుంచి ఒక పాత కెమెరా తెచ్చాడు, లోపలి ఫిల్టరు తీసేసి పరారుణ కిరణాలకి పని చేసేలా మార్చినది. ఆ ఊదా రంగు మన కంటికి గోడలా అడ్డం. పరారుణ కాంతికి మాత్రం అది గాజులాంటిది, లోంచి వెళ్ళిపోతుంది. గ్రాఫైటు అలా కాదు, ఆ కాంతినీ మింగేస్తుంది. అంటే ఫొటోలో మరక మాయమై పెన్సిలు గీత ఒక్కటే నల్లగా మిగలాలి. మొదటి చీటీ తీసి తెరమీద చూపించాడు. తెల్లటి కాగితం, మధ్యలో నల్లగా, వంకర అక్షరాలతో: "పంటయ్యాక." మాస్టారు కుర్చీలోంచి లేచి తెరకి ముక్కు ఆనించి చదివారు. "మా తాత రాత కాదిది. రైతెవరో రాయించుకున్నాడు."

రంగు మాత్రమే మిగిలి గ్రాఫైటు కొట్టుకుపోయిన చీటీలు మూడు ఉన్నాయి. వాటిని కెమెరా కూడా చదవలేదు. ఇస్త్రీ చేసిన రెండూ అంతే.

ఫసలీ 1331

పిట్టగోడ మీద పెట్టిన ఆ రిజిస్టరు శిస్తు వసూళ్ళ చిట్టా. ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1331 నుంచి 1333 దాకా. ఫసలీకి 590 కలిపితే ఆ జులైలో మొదలయ్యే సంవత్సరం వస్తుంది కాబట్టి 1331 అంటే 1921 జులై నుంచి 1922 జూన్. పెదనందిపాడు అని ముందే చెప్పాను. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో సహాయ నిరాకరణోద్యమంలో ఆ ఫిర్కా ఊళ్ళు శిస్తు కట్టబోమని ఎదురు తిరిగింది సరిగ్గా ఆ చలికాలమే. గ్రామాధికారులు చాలామంది రాజీనామాలిచ్చారు. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణాని తగలబెట్టారు, 12న బార్డోలీలో కాంగ్రెస్ ఉద్యమం ఆపేసింది, ఇక్కడా శిస్తులు కట్టారు.

చిట్టాలో 1922 జనవరి పేజీల్లో గీతలు గీసి ఉన్నాయి, పద్దులు లేవు. ఫిబ్రవరి రెండో సగానికి వచ్చేసరికి పేజీలో చోటు చాలక రెండు వరుసల మధ్య మూడో వరుస ఇరికించి రాశారు. ఇంకో సంగతి, ఆ ఇరికించిన వరుసలు మొదట్లో వేరే చేతిరాత. మార్చిలో మళ్ళీ పాత చేతిరాత.

మాస్టారికి ఇది చూపించినప్పుడు ఆయన వెంటనే అన్నారు, "తాత రాజీనామా ఇచ్చి మళ్ళీ చేరాడని నాన్న చెప్పేవాడు. అదే ఇది!" అయి ఉండొచ్చు. కానీ మేం తయారుచేసిన పట్టికలో నేను "చేతిరాత మారింది, ఫిబ్రవరి నుంచి మార్చి దాకా" అని మాత్రమే రాశాను. కుటుంబంలో చెప్పుకునే మాటని విడిగా, ఎవరు ఎవరి ద్వారా విన్నారో పెట్టి రాశాను. కాగితం చెప్పేది ఒకటి, ఇంట్లో చెప్పుకునేది ఒకటి. రెండూ దాచాల్సినవే, ఒకే గళ్ళో కాదు. మాస్టారికి కొంచెం కోపం వచ్చింది. రెండు వారాలు ఫోన్ చెయ్యలేదు. తర్వాత ఆయనే వచ్చి, లెక్కల మాస్టారు కదా, "నిరూపణ లేకుండా నేనూ మార్కులెయ్యనులే" అన్నారు.

పదకొండు చీటీలు

డిసెంబరు నుంచి ప్రతి ఆదివారం మాస్టారు మా గవర్నర్‌పేట పనిగదికి వచ్చేవారు. ఇద్దరం కూర్చుని ఆ పదకొండు చీటీలకి చోటు వెతకడం.

చేతిరాతతో మొదట ప్రయత్నించాం, కుదర్లేదు. దారి చూపింది పురుగు. రిజిస్టరుని ఎప్పుడో, వరదకి చాలా ముందే, పురుగు తొలిచింది. పురుగు పేజీ చూసి ఆగదు, అట్ట నుంచి అట్ట దాకా సొరంగం తవ్వుకుంటూ పోతుంది. మధ్యలో చీటీ ఉంటే దాన్నీ తొలుస్తుంది. ఆ సొరంగం వంకరగా నడుస్తుంది కాబట్టి చిల్లు ఒక్కో పేజీలో కాస్త జరుగుతూ ఉంటుంది. పారదర్శక కాగితం మీద చీటీ చిల్లుల్ని గీసుకుని పేజీల మీద జరుపుతూ పోతే ఒకచోట మూడు చిల్లులూ ఒకేసారి సరిపోతాయి. అలా నాలుగు దొరికాయి.

ఇంకో మూడింటిని గుండుసూది పట్టించింది. సూది పోయింది కానీ తుప్పు ఉంది. చీటీ మీద రెండు గోధుమ రంగు చుక్కలు, వాటి మధ్య దూరం, వాలు. పేజీ మీద కూడా అవే రెండు చుక్కలు ఉండాలి. మాస్టారు స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలిచి నోట్సు పుస్తకంలో పట్టిక వేశారు. "రు. 11-4-0 పంటయ్యాక" చీటీ అలాగే దొరికింది. 1331లో కాదు, మేం ఇద్దరం ఆశపడిన ఆ జనవరి పేజీల్లో అసలే కాదు. 1333లో, మామూలు బాకీ.

పని 2025 మార్చి నాటికి ఒక కొలిక్కి వచ్చింది. చిరుగులకి జపాన్ కాగితం, గోధుమ గంజి జిగురు. ప్లాస్టిక్ లామినేషన్ చేయిద్దామని మనవడు అడిగాడు, వద్దన్నాను. అది కాగితాన్ని సజీవ సమాధి చెయ్యడమే, వేడికి అతుక్కున్నది మళ్ళీ ఊడదు. స్కాన్లు రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి గుంటూరులో మాస్టారి అమ్మాయి దగ్గర, ఒకటి మా దగ్గర. అసలు రిజిస్టర్లు ఇంట్లో ఉంచుకోవచ్చా అని ఆయన అడిగారు. న్యాయంగా అవి ఊరి లెక్కలు, ఇంటి ఆస్తి కాదు, అప్పగించడమే సరైనదని నా అభిప్రాయం. ఆయన కాదనలేదు. "ఇస్తాను. కానీ ఆ చీటీలు తేలాక" అన్నారు.

నాలుగు మిగిలి ఉన్నాయి. వాటికి చిల్లులు లేవు, తుప్పు లేదు. ఒక కవరులో పెట్టి పైన పెన్సిలుతో రాశాను: "రిజిస్టరు 1 నుంచి తీసినవి. 2024 సెప్టెంబరు 10 సాయంత్రం. పేజీ రాసుకోలేదు." కింద నా సంతకం.